కాపలా కొండముచ్చు

గవర్నర్‌పేటలో నజీమా డాబా మీద ఎండబెట్టిన వడియాలన్నీ కోతులు ఎత్తుకుపోతున్నాయని, ఆమె భర్త బాజీ ఓ కొండముచ్చును తెచ్చి వాటర్ ట్యాంకు పక్కన గొలుసుతో కట్టేశాడు.

“దీన్ని చూస్తే ఒక్క కోతీ ఇటు రాదు!” అన్నాడు పక్కింటివాళ్లకి వినబడేలా.

నెల తిరిగినా వడియాలు మిగల్లేదు. ఓ మధ్యాహ్నం ఇద్దరూ చప్పుడు చేయకుండా మేడెక్కి చూశారు. కోతులు చుట్టూ చేరి కొండముచ్చుకి పేలు ఏరుతున్నాయి. అది హాయిగా వాలిపోయి, వాటికి వడియాలు అందిస్తోంది.

“మన తిండి తింటూ వాటితో చేతులు కలుపుతుందా!” బాజీ మండిపడ్డాడు.

“ఒంటరిగా కట్టేస్తే ఏం చేస్తుందండీ పాపం? నెల్లాళ్లు మిమ్మల్నిలా కట్టేస్తే, మా అమ్మని కూడా పిలిచి కబుర్లు చెబుతారు.”

బాజీ గబగబా గొలుసు విప్పేశాడు.