పోలమ్మ వేలు

ఎలుకజ్వరం ఒంట్లో చేరగానే పసిగట్టే పలకలు ఇంటింటి గుమ్మానికీ వచ్చాక, ఆ జ్వరంతో చచ్చేవాళ్ళు తగ్గారు. పొద్దున్నే పేరు చెప్పి వేలు ఆనిస్తే చాలు. పచ్చదీపం వెలిగితే పనికి పోవచ్చు. ఎర్రదీపం వెలిగితే, నడిపే మనిషి లేని తెల్లబండి వచ్చి ఎక్కించుకుపోతుంది. చాలామంది నయమై తిరిగొచ్చారు. పోలమ్మ చెల్లెలు మాత్రం రాలేదు.

అందుకే, పొలాల్లో ఎలుకలు పట్టే మొగుడు చెంచయ్యకు కళ్ళు ఎర్రబడిన నాటి నుంచి, పోలమ్మ అతని పేరు చెప్పి తన వేలే ఆనిస్తోంది. మూడు రోజులూ పచ్చదీపమే వెలిగింది.

"నీ వేలు పెడితే నా రోగం పోద్దా ఏందే?" అన్నాడు చెంచయ్య దుప్పట్లో వణుకుతూ.

"నోరు మూసుకోని కషాయం తాగు మావా. నువ్వా బండెక్కితే నేను బతకను."

నాలుగోనాడు చెంచయ్య పేరుకు ఎర్రదీపం వెలిగింది. పోలమ్మ తన చేయి చూసుకుంది. పోయిన వారం కలుగులోకి చేయి పెట్టి, ఎలుకలు దాచుకున్న వడ్లు తోడుతుంటే గీరుకున్న చోటు ఇంకా మానలేదు. తన పేరు చెప్పి మళ్ళీ అదే వేలు ఆనించింది. మళ్ళీ ఎరుపే.

చిత్రంగా ఆమెకు భయం పోయింది.

"లెయ్ మావా, ఇద్దరం కలిసే పోదాం" అంటూ ఇద్దరి బట్టలూ ఒకే మూటగా కట్టింది. చెంచయ్య ఆమె భుజం పట్టుకుని గుమ్మం దాకా వచ్చాడు.

వీధిలో చప్పుడు లేకుండా రెండు తెల్లబండ్లు వచ్చి ఆగి ఉన్నాయి. ఒకటి తూర్పుకు తిరిగి ఉంది, రెండోది పడమరకు.