ఒక్క గడీ ఖాళీ ఉండకూడదు

“నీ పేరేంటి?” అడిగింది పిన్ని.

పిల్ల కొత్త పేరు చెప్పింది. ఈసారి తడబడలేదు.

“నా బంగారు తల్లే! ఇక ఫారం తియ్యి.”

లాడ్జి గదిలో మంచం నిండా కాగితాలే. పిన్ని గుర్తింపు కార్డు, బట్టల కంపెనీ ఇచ్చిన జీతం చీటీ, నిన్న తీయించిన ఇద్దరి ఫోటోలు. ఫోటోలో పిల్ల జుట్టు చెవుల దాకానే ఉంది. మొన్నటిదాకా దానికి రెండు జడలుండేవంటే ఎవరూ నమ్మరు.

ఈ ఫారం ఇచ్చాక ఆ ఫ్లాటు అద్దెకి దొరికితే చాలు. పెద్ద గేటు, వాచ్‌మన్, మూడో అంతస్తు. అక్కడికి వెతుక్కుంటూ ఎవరూ రాలేరు. దొరక్కపోతే రేపు ఈ గది కూడా వదలాలి. మళ్ళీ బస్టాండు. మళ్ళీ నలుగురి కళ్ళు.

“నువ్వే రాయి. నా కళ్ళజోడు బయల్దేరే హడావిడిలో ఇంట్లోనే ఉండిపోయింది. నీ అక్షరాలు ముత్యాలు కదా!”

పిల్ల బోర్లా పడుకుని రాయసాగింది.

“అమ్మ ఎప్పుడొస్తుంది పిన్నీ?”

“ఇల్లు దొరకనీ.”

“ఇక్కడ బంధుత్వం అని ఉంది.”

“కూతురు అని రాయి.”

పెన్ను ఆగింది.

“పిన్ని అంటే చిన్నమ్మేగా! అమ్మలో చిన్నా పెద్దా ఏంటే?”

రాసింది.

“చదువు.”

చదివింది.

“ఇంకోసారి చదువు.”

బయట వరండాలో బూట్ల చప్పుడైంది. పిన్ని చటుక్కున పిల్ల నోరు మూసింది. చప్పుడు తలుపు దాకా వచ్చి, దాటిపోయింది.

“మీ నాన్న కంటపడితే నన్ను చంపేస్తాడు,” గుసగుసగా అంది.

“నాన్నకి అసలు కోపమే రాదే!”

“నీ మొహం. నీకేం తెలుసు?”

తలుపు సందులోంచి బయటికే చూస్తోంది పిన్ని.

“పిన్నీ, ఈ గడిలో ఏం రాయను?”

“ఒక్క గడి ఖాళీ ఉన్నా ఫారం తీసుకోనన్నాడు ఆ ఫ్లాట్ల మేనేజరు. నీకు తెలిసింది రాసెయ్యవే తల్లీ!”

పిల్లకి తెలుసు. చకచకా రాసేసింది.

గంట తర్వాత అపార్ట్‌మెంటు ఆఫీసులో మేనేజరు ఆ ఫారం చూసి మురిసిపోయాడు.

“ఎవరమ్మా రాసింది? మా గుమాస్తావి కోడిగీతలు!”

“మా అమ్మాయే సార్.” పిల్ల భుజం మీద పిన్ని చెయ్యి బిగిసింది.

“కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. ఒక్క ఫోన్ చేసి తాళాలిచ్చేస్తా.”

“ఎవరికి సార్?”

“మీ పాత ఇంటి ఓనరుకి. కంగారుపడకండి, అందరికీ చేస్తాం. నంబరు రాశారుగా.”

పిన్ని పిల్ల వైపు చూసింది.

“నిద్రలో లేపి అడిగినా చెప్తాను ఆ నంబరు,” గర్వంగా నవ్వింది పిల్ల.

మేనేజరు స్పీకరు నొక్కాడు. “నమస్తే అండీ. మీ ఇంట్లో అద్దెకున్నావిడ కూతురితో వచ్చి మా దగ్గర ఫ్లాటు అడుగుతున్నారు. మనిషి ఎలాంటిది?”

“ఆవిడకి పిల్లల్లేరు సార్,” అవతల ఆడగొంతు ఒక్కసారిగా పెరిగింది, “ఆ పక్కనున్నది మా పాపేనా? రెండు జడలుంటాయి!”