పికప్ లేని కారు

అతని భార్య వంతెన పక్కన నెత్తురోడుతూ పడి ఉంటే ఒక్క కారూ ఆగలేదు.

షెడ్డుకు వచ్చిన ప్రతివాడికీ మెకానిక్ ఈ మాట చెప్పేవాడు. కొండ మీది ఆస్పత్రికి ఆమెను ఎవరు చేర్చారని మాత్రం ఎన్నడూ అడగలేదు. ఆలస్యంగా తెచ్చారు, అందుకే దక్కలేదన్నారు డాక్టర్లు. అంబులెన్సే అయి ఉంటుంది. ఇంక అడిగేదేముంది?

ఆ పొద్దున ఓ ఎర్ర స్పోర్ట్స్ కారు వచ్చింది. రెండే తలుపులు. మామూలు జీతగాడు కూడా వాయిదాల మీద కొనుక్కునే రకం.

"ఆ ఒంపు చూడన్నా! వీధిలో పోతుంటే పది తలకాయలు తిరుగుతాయి," అన్నాడు పెయింటర్.

"తలకాయలు తిరిగితే చక్రాలు తిరుగుతాయట్రా? లోపలున్నది మిక్సీ మోటారు."

"కొనేవాడు ముందు కళ్లతోనే కదన్నా కొనేది."

"తర్వాత ఏడ్చేదీ ఆ కళ్లతోనే."

కారాయన తల దించుకున్నాడు.

"నిజమేనండీ. ఇదే ధరకు మంచి ఇంజనున్న బండి వచ్చేది. చూడ్డానికి డబ్బాలా ఉందని, నలుగురూ నవ్వుతారని వదిలేశాను. దీనికి పికప్ పెంచగలరా?"

"ఎందుకు? పందేలకా?"

"ఒకసారి ఈ కొండెక్కాల్సి వచ్చింది. మొదటి గేరులో ఈడ్చుకుంటూ ఎక్కింది. అందుకోలేకపోయాను."

"ఏం అందలేదు? సినిమా మొదటి ఆటా?"

కారాయన పక్క సీటు వైపు చూపించాడు.

"పక్క సీటు తీసేస్తే బరువు తగ్గుతుందంటారు. తీసేయండి."

మెకానిక్‌కి ఒళ్లు మండింది.

"మీలాంటి షోకిల్లాలేనయ్యా! నా భార్యను లారీ గుద్దిపోతే, సీటు పాడవుతుందని ఒక్కడూ బ్రేకు నొక్కలేదు."

"ఎక్కడండీ?"

"కింద వంతెన దగ్గర. రెండేళ్లయింది. కూరగాయలకని వెళ్లింది."

కారాయన అతని వంక చూశాడు. తాళాలు బల్ల మీద పెట్టాడు.

"క్షమించండి," అని నడిచి వెళ్లిపోయాడు.

"చూశావా? తగలాల్సిన చోట తగిలింది వెధవకి!"

పెయింటర్ కారులోకి తొంగిచూశాడు.

"డ్రైవరు సీటు చిరుగులు పట్టింది. పక్క సీటుకే కొత్త కవరేంటన్నా?"

"షోకు!"

మెకానిక్ స్పానర్ అందుకున్నాడు. కోపమంతా చూపించి నాలుగు బోల్టులూ ఊడదీశాడు. సీటును బయటికి ఈడ్చాడు.

కింద సీటు జరిగే పట్టాలో ఏదో ఇరుక్కుని ఉంది.

కళ్లజోడు కాడ. ఒక్కటే. విరిగిన చోట రాగితీగ బిగించి చుట్టి, చివర గుచ్చుకోకుండా లోపలికి మడిచి ఉంది.

కొత్తది కొనిస్తానంటే, "అందం ఎవరిక్కావాలి, చూపు ఆనుతోందిగా" అన్న భార్యకు, ఈ షెడ్డులోనే, ఈ చేతులతోనే అతను చుట్టిచ్చిన తీగ.

వీధిలోకి పరుగెత్తాడు. మలుపు దాకా ఎవరూ లేరు.

"ఏమైందన్నా?" అని పెయింటర్ వెనకే వచ్చాడు.



ఆగిన ఆ ఒక్క కారు కోసం దాని మనిషి మళ్లీ రాలేదు. ఒక్క కారూ ఆగలేదన్న మాట మెకానిక్ మళ్లీ ఎవరి దగ్గరా ఎత్తలేదు.