వైరస్ తెచ్చిన చీటీ

హన్మకొండలో ఫంక్షన్ హాలు వెనక, నాలుగు గంజుల బిర్యానీ దమ్ముకు పెట్టి, వంటమాస్టర్ ఫకీర్ మహమ్మద్ తన కూతురు రుహీ చెప్పే కాలేజీ పాఠం వింటున్నాడు.

“వైరస్‌కు పొయ్యి లేదు, గంజు లేదు, అబ్బాజాన్. ఏం వండాల్నో రాసిన చీటీ ఒక్కటి పట్టుకొని మన కణంల దూరుతది. ఆడ మన ప్రోటీన్లే వంటోళ్లు. సొంత వంట బందుపెట్టి, ఆ చీటీ చూసి వైరస్‌లనే వండుతరు. మనిషి మంచాన పడతడు.”

“చీటీ ఎవలదని అడగరా?”

“అడగరు.”

“గంత బేవకూఫ్ వంటోళ్లా!” అని ఆయన పడీపడీ నవ్వాడు.

అంతలో ఒకాయన రొప్పుతూ వచ్చాడు. “మాస్టర్, పక్క హాల్ల పెండ్లి మాది. పొద్దున మావోడు మా వంట చీటీ పొరపాటున మీకిచ్చిండట. మాకింకా వంటనే కాలే!”

ఫకీర్ మహమ్మద్ జేబులోని చీటీ తీసి చూసుకున్నాడు.

“మీ వంట అయింది భాయ్,” అన్నాడు మెల్లగా. “మా హాలోళ్లదే కాలే.”