దాహం తీరిన వెలుగుబొమ్మ

ఆఫ్రికా పల్లెల్లో మంచినీటి బావులకై విరాళాలడిగే, కాంతితో అల్లిన వెలుగుబొమ్మలు భూమండలమంతటా గుమ్మాల్లో వెలసే మహాయుగమది. మలావీ దేశపు బాలిక తడాలా రూపం కాకినాడలో వర్ధనమ్మగారి గడప ముందూ వెలసింది.

"దాహమండీ!"

అడిగినవారికి నీళ్లివ్వకపోవడం వర్ధనమ్మగారి ఏడుతరాల వంశచరిత్రలో లేదు. గ్లాసందించారు.

"వెలుగు నీళ్లు తాగుతుందా అత్తయ్యా?" కోడలు నవ్వింది.

గ్లాసు ఖాళీ అయింది.

ఆనాటినుంచి లోకంలోని ప్రతి గుమ్మంలోనూ తడాలా బొమ్మ తృప్తిగా నవ్వుతూ నిలబడింది. ఎవరూ విరాళమివ్వలేదు.

బొమ్మల్ని పంపిన విరాళాల సంస్థవారు వర్ధనమ్మగారికి ఫోన్ చేశారు. "ఎంతపని చేశారమ్మా! అక్కడ అసలు పిల్లకింకా బావి తవ్వనేలేదు!"

వర్ధనమ్మగారు గుమ్మంలోకి పరుగెత్తారు. "ఒక్కసారి దాహమని అను తల్లీ!"

"వద్దండీ, కడుపు నిండింది," అంది బొమ్మ, తడి పెదవులు తుడుచుకుంటూ.