ఆరు పొరలు

మళ్లీ ప్లాస్టిక్ టపటపలాడింది. పాడిరైతు టార్చి పట్టుకుని, పచ్చిమేతను పులియబెట్టి కట్టిన సైలేజీ బేళ్ల దగ్గరికి నడిచాడు. చుట్టిన ప్లాస్టిక్ చిరిగి గాలి చొరబడితే లోపలి మేత బూజు పడుతుంది. నిరుడు ఆ బూజు మేత తిని రెండు చూడావులకు కడుపు పోయింది. ఎండాకాలమంతా ఇరవై ఆవులకు ఈ బేళ్లే దిక్కు.

చివరి బేలుకు అరచేయంత చిరుగు కనిపించింది. ఒళ్లు మండి, బేళ్లు చుట్టినవాడికి ఫోన్ చేశాడు.

"ఆరు పొరలన్నావు. ఉల్లిపొరంత కూడా లేదు కదరా!"

"కాకులు పొడిచుంటాయి బాబాయ్. టేపేసి పడుకో."

"పొద్దుగూకాక కూడా చూశాను, నున్నగా ఉంది. రాత్రిపూట కాకులేంట్రా? నీ మొహం!"

ఫోన్ పెట్టేసి చిరుగును తడిమాడు. కాకి పొడిస్తే అంచులు లోపలికి పోవాలి. ఇవి బయటికి తిరిగి ఉన్నాయి. ఆకు కూడా కదలడం లేదు.

టేపు అంటించి అరచేత్తో అదిమాడు. లోపలినుంచి ఏదో అంతే గట్టిగా అదిమింది. అవతలి ఐదు వేళ్లూ విడివిడిగా తెలిశాయి.

చెయ్యి తీస్తే టేపు ఊడుతుంది.

"నా ఆవుల మేతరా అది!" అంటూ రెండో చెయ్యి కూడా ఆనించాడు.

పక్క బేలు మీద ప్లాస్టిక్ టపటపలాడింది.