ఉన్నారు సార్

“నాన్నని ఇలా పడుకోబెట్టి నేను పరీక్షకి పోవాలా అమ్మా?”

“పో,” అంది మల్లేశ్వరి. గుంటూరు ఆసుపత్రి వరండాలో కూర్చున్న కుర్చీలోంచి లేవలేదు.

లోపల బాపయ్యకి మిషను ఊపిరి పోస్తోంది. మిర్చి ఎగుమతి చేసేవాళ్లకి కస్టమ్స్ పనులు చేసిపెట్టే బ్రోకరు ఆయన. కూతురు సౌజన్య ఆయన ఆఫీసులోనే ఉద్యోగి. సరుకు కాగితాల మీద సంతకం పెట్టే కార్డు రావాలంటే కస్టమ్స్ వాళ్ల పరీక్ష గట్టెక్కాలి. కార్డు లేనివాళ్లు ఏళ్ల తరబడి పోర్టులో ఎండినా సంతకానికి పనికిరారు. రాతపరీక్ష అయింది. విజయవాడలో నోటిపరీక్ష మిగిలింది.

“నాన్న ఉండగా నువ్వు పాసవ్వాలి. అంతే.” తల్లి గొంతులో ఏడుపు లేదు. ఏమీ లేదు.

ఇక లేవడని డాక్టరు చెప్పేశాడు. చిలకలూరిపేట నుంచి వచ్చిన ఆడబిడ్డ గీతాంజలి విసుక్కుంది.

“మా అన్నని గొట్టాలేసి ఎందుకు హింసపెడతావొదినా? పోనియ్యి.”

“నా మొగుడు. పోనివ్వను.”

“ఇన్నాళ్లూ నిన్ను రాయనుకున్నానే,” అంటూ గీతాంజలే ఏడ్చింది.

విజయవాడలో ఆఫీసరు మొదట అడిగింది ఇదే. “మీ ఆఫీసు లైసెన్సు ఎవరి పేరు మీదుంది?”

“బాపయ్యగారు. మా నాన్న.”

“బాగున్నారా?”

“ఉన్నారు సార్.”

ఆయన తలెత్తలేదు. మిర్చికి బూజు విషం ఎక్కువుందని తేలితే ఏం చెయ్యాలన్నాడు. ఎగుమతి చేసే పార్టీ సరుకు పేరు తప్పు చెబితే ఏం చేస్తావన్నాడు. సౌజన్య అన్నిటికీ జవాబు చెప్పింది. ఎవరో చెబుతుంటే విన్నట్టు తన మాటలు తనే వింది.

ఫలితం వచ్చేసరికి వారం దాటింది. బాపయ్య అలాగే ఉన్నాడు. ఆఫీసు గుమస్తా ఆదెయ్య ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చాడు.

“అమ్మగారూ, అమ్మాయిగారు పాసయ్యారండి. అయ్యగారు బతికుండగానే అయ్యారు కాబట్టి లైసెన్సు మనింట్లోనే ఉంటది. ఆయన ముందే పోయుంటే లైసెన్సూ పోయేది. ఆఫీసుకి తాళమేసుకుని మేమంతా రోడ్డు మీద పడేవాళ్లం.”

“నువ్వు కళ్లారా చూశావా, ఎవరన్నా చెప్పారా?”

“చూశానండి. జాబితాలో పేరు ఉంది.”

మల్లేశ్వరి కుర్చీలోంచి లేచింది. చీర కుచ్చిళ్లు సర్దుకుంది. గీతాంజలిని దాటుకుని వెళ్లి డాక్టరు గది తలుపు తోసి, “ఇక మిషను ఆపెయ్యండి,” అంది.